ఊరి ఆఫీసు వెబ్‌సైట్ జనానికి పనికొస్తోందా? మీరే చెక్ చేసే పద్ధతి

ఊరి ఆఫీసు వెబ్‌సైట్ ఎలా ఉందని ఎవర్నైనా అడిగి చూడండి, "పాతకాలంగా ఉంది", "రంగులు బాలేవు", "పైన ఆ పరిగెత్తే అక్షరాలు చిరాకు" ఇలాంటివే చెప్తారు. నిజమే కావచ్చు గానీ వాటితో మనకి పెద్ద పని లేదు. ఆ సైట్‌కి వచ్చేవాళ్లు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తారు, ఏదో ఒక పని మీద వస్తారు, అది అయిపోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. టికెట్లు బుక్ చేసే సైట్ నచ్చకపోతే ఇంకో దానికి పోతాం, నీళ్ల బిల్లు కట్టడానికి పక్క ఊరి సైట్‌కి పోలేం కదా. అందుకని ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, మనిషి వచ్చిన పని అయిందా, అవ్వకపోతే కరెక్ట్‌గా ఎక్కడ ఆగిపోయాడు.

నేను ఇలాంటి సైట్లు కొన్ని కూర్చుని చూశా, కొన్ని ఆఫీసు వాళ్లు అడిగితే, కొన్ని ఊరికే ఒళ్లు మండి. కోడింగ్ రానక్కర్లేదు. ఒక ఫోన్, ఒక ల్యాప్‌టాప్, ఒక నోట్‌బుక్, ఓపిగ్గా కూర్చునే ఐదుగురు మనుషులు, రెండు వీకెండ్లు ఉంటే సరిపోతుంది.

స్టెప్ 1: సైట్ ఓపెన్ చేయకండి, ముందు పనులు రాసుకోండి

ఇదే అందరూ తప్పు చేసే చోటు. సైట్ ముందు ఓపెన్ చేస్తే ఆ మెనూలో ఉన్నవే మీకు పనుల్లా కనిపిస్తాయి, సైట్‌లో అసలు లేని పని మీ లిస్ట్‌లోకి రానే రాదు. అందుకని ముందు ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చునే వాళ్లనో ఫోన్లు ఎత్తే వాళ్లనో పట్టుకోండి. "రోజూ జనం ఎక్కువగా ఏం అడుగుతారండీ, మళ్లీ మళ్లీ చెప్పి విసుగొచ్చే ప్రశ్న ఏంటి" అని అడిగితే పది నిమిషాల్లో మీకు కావాల్సిన లిస్ట్ వచ్చేస్తుంది. మామూలుగా తేలేవి ఇవే: ఇంటి పన్ను ఎంత, ఎలా కట్టాలి, బర్త్ సర్టిఫికెట్ కి ఏమేం కావాలి, చెత్త బండి ఏ రోజు వస్తుంది, వీధి లైటు పోతే ఎవరికి చెప్పాలి, గోడ కట్టుకోవడానికి పర్మిషన్ కావాలా, వచ్చే మీటింగ్ ఎప్పుడు, ఆఫీసు ఎన్నింటికి మూస్తారు.

ఇందులోంచి ఏడో ఎనిమిదో తీసుకోండి, అంతకంటే ఎక్కువైతే కూర్చున్న వాళ్లు అలిసిపోతారు. ఒకటి మాత్రం తప్పకుండా తేడా కొట్టిన పని అయ్యుండాలి, ఉదాహరణకి డబ్బులు కట్ అయ్యాయి కానీ రసీదు రాలేదు, ఇప్పుడేం చేయాలి. అన్నీ సవ్యంగా జరిగినప్పుడు ఏ సైటైనా బానే ఉంటుంది.

పనిని రాసే తీరు కూడా ముఖ్యం. సైట్‌లో "ఆస్తి పన్ను విభాగం" అని ఉంటే మీరు కాగితం మీద "ఆస్తి పన్ను విభాగంలోకి వెళ్లండి" అని రాస్తే అది టెస్టు కాదు, పదాల వేట. "మీ ఇంటికి ఈ ఏడాది ఎంత కట్టాలో చూడండి" అని రాయండి. ప్రతి పనికీ కరెక్ట్ జవాబు ఏంటో ముందే ఆఫీసులో కనుక్కుని పక్కన రాసి పెట్టుకోండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

స్టెప్ 2: వచ్చే దారిలోనే రండి

సైట్ అడ్రస్ గుర్తుపెట్టుకుని టైప్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు. గూగుల్‌లో ఊరి పేరు, పక్కన పని పేరు కొట్టి వస్తారు. మీరూ అలాగే చేయండి, ఇన్‌కాగ్నిటో విండోలో, లేదంటే మీరు ఇదివరకు చూసిన పేజీలే పైన వచ్చే ఛాన్స్ ఉంది. ఏం వచ్చిందో చూడండి. చాలాసార్లు మూడేళ్ల కిందటి నోటీసు పీడీఎఫ్ పైన ఉంటుంది, అసలు పేజీ ఎక్కడో కింద. ఆ పీడీఎఫ్ తెరిచినవాడికి అది పాతదని తెలిసే మార్గం ఏమైనా ఉందా? మీద తేదీ ఉందా? అక్కడినుంచి సైట్‌లోకి రావడానికి లింక్ ఉందా? లేకపోతే ఆ మనిషి పాత రేటు చూసుకుని బయల్దేరతాడు.

ఇంకోటి, ఆఫీసు సైట్‌లాగే కనిపించి మధ్యలో ఫీజు తీసుకునే ప్రైవేట్ సైట్లు సెర్చ్‌లో వస్తున్నాయేమో చూడండి. వస్తే, అసలుది ఏదో కొత్తవాడు గుర్తుపట్టగలడా అన్నది మీ నోట్‌బుక్‌లో మొదటి లైను.

ఫోన్‌లో చూడండి, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూడండి. స్పీడ్ గురించి యాకోబ్ నీల్సన్ (సైట్లు జనానికి ఎంత సులువుగా ఉన్నాయో పరిశోధించే ఆయన) 1993లో రాసిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: సెకనులో పదో వంతులో జవాబొస్తే మనిషికి వెంటనే జరిగినట్టు ఉంటుంది, 1 సెకను దాకా ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే మనసు వేరే దాని మీదకి పోతుంది. సైట్ ఎంత చురుగ్గా ఉందో కొలవడానికి గూగుల్ వాళ్లు పెట్టిన కోర్ వెబ్ వైటల్స్ అనే కొలతలు అయితే పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి అంటాయి. మీకు టూల్స్ ఏవీ వద్దు, ఫోన్ స్టాప్‌వాచ్ చాలు. ఎక్కువగా దొరికే దొంగ మాత్రం ఒకటే, హోమ్ పేజీ మీద తిరిగే పెద్ద పెద్ద ఫోటోలు, ఏదో ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరిస్తున్నవి, కెమెరాలోంచి తీసి సైజు తగ్గించకుండా అలాగే ఎక్కించేసినవి.

స్టెప్ 3: ముందు మీరు ఒక్కరే అన్ని పనులూ చేయండి

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది నిజంగా నడుస్తున్న సైట్, అవతల మనుషులున్నారు. టెస్ట్ కోసమని ఉత్తుత్తి కంప్లయింట్ పెడితే ఎవరో ఒకాయన నిచ్చెన పట్టుకుని బాగున్న లైటు దగ్గరికి వస్తాడు. చివరి సబ్మిట్ బటన్ దగ్గర ఆగిపోండి, లేదా ఆఫీసుని అడిగి ఒక టెస్ట్ నంబర్ తీసుకోండి. అలాగే పైన అడ్రస్‌లో నంబర్ మార్చి పక్కింటి వాళ్ల బిల్లు వస్తుందేమో చూద్దాం అనే దురద కొంతమందికి ఉంటుంది, అది ఆపుకోండి. అది వేరే రకం టెస్టు, పర్మిషన్ లేకుండా చేస్తే ఇబ్బందుల్లో పడతారు.

చేస్తూ ఉంటే మొదట కనిపించేది మెనూ గొడవ. ఆఫీసు తన డిపార్ట్‌మెంట్ల ప్రకారం మెనూ కట్టుకుంటుంది: ఇంజనీరింగ్, రెవెన్యూ, పబ్లిక్ హెల్త్, అడ్మినిస్ట్రేషన్. ఇంటి ముందు డ్రైనేజీ పొంగుతున్నవాడికి అది ఇంజనీరింగో హెల్తో ఎలా తెలుస్తుంది చెప్పండి? ఏ డిపార్ట్‌మెంట్‌దో తెలిస్తేనే పని దొరికేలా ఉంటే అది రాసుకోండి, ఎన్ని చోట్ల ఉంటే అన్నీ రాసుకోండి.

తర్వాత ఫోన్ నంబర్, ఆఫీసు టైమింగ్స్. వినడానికి చిన్నవి, కానీ వీటి కోసమే వచ్చేవాళ్లు చాలామంది. నంబర్ మీద వేలు పెడితే కాల్ వెళ్తోందా? ఆ నంబర్‌కి నిజంగా కాల్ చేయండి, ఎవరైనా ఎత్తారా? ఎత్తినవాళ్లు "ఆ సార్ ట్రాన్స్‌ఫర్ అయిపోయి చాలా కాలమైందండీ" అన్నారా? నాకు రెండు సార్లు అలా అయింది.

ఫారాల దగ్గర మాత్రం నిదానంగా ఉండండి, అసలు సరుకంతా అక్కడే ఉంటుంది. కావాలనే తప్పులు చేయండి. ఫోన్ నంబర్‌లో మధ్యలో ఖాళీ పెట్టండి, తేదీ వేరే పద్ధతిలో రాయండి, ఒక గడి వదిలేయండి. ఎర్రక్షరాల్లో "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని మాత్రమే వస్తే, ఏ గడిలో ఏం తప్పో చెప్పకపోతే, అది ఫెయిల్. తప్పు చెప్పి, నింపినదంతా తుడిచేస్తే అది డబుల్ ఫెయిల్. నేనొకసారి నా సొంత పనికే ఒక ఆఫీసు సైట్‌లో రెండు పేజీల ఫారం నింపి, చివర్లో కాగితం ఫోటో ఎక్కిస్తే, అప్పుడు చెప్పింది ఫైల్ 200 కేబీ దాటకూడదని, అది ముందు ఎక్కడా రాయలేదు. సరే తగ్గించుకొద్దామని ఇంకో యాప్‌లోకి వెళ్లి వచ్చేసరికి "సెషన్ ఎక్స్‌పైర్డ్", అంటే టైం అయిపోయిందట, మళ్లీ పేరు దగ్గర్నుంచి మొదలు. మూడోసారికి నేనే ఆఫీసుకి నడిచి వెళ్లిపోయా. ఆఫీసు లెక్కల్లో ఇది ఎక్కడా కనపడదు, ఎందుకంటే నేను సబ్మిట్ చేయలేదు, నేను అక్కడికి వచ్చినట్టే లేదు. టైమౌట్ పెట్టడం తప్పు కాదు, కానీ అంతర్జాతీయంగా వాడే వెబ్ యాక్సెసిబిలిటీ రూల్స్ (చూపు లాంటి ఇబ్బందులున్నవాళ్లు కూడా సైట్ వాడగలగాలనే రూల్స్) ప్రకారం టైం అయిపోయే ముందు హెచ్చరించాలి, ఇంకాస్త టైం తీసుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. మీ సైట్ ఇస్తోందా? ఫారం సగంలో వదిలేసి టీ తాగి రండి, తెలిసిపోతుంది.

సబ్మిట్ తర్వాత ఏం జరుగుతుందో ఆఫీసు టెస్ట్ నంబర్ ఇస్తే చూడండి. "థాంక్యూ" అని ఆగిపోతే పనికిరాదు. ఒక నంబర్ రావాలి, ఎన్ని రోజుల్లో అవుతుందో చెప్పాలి, మళ్లీ ఎక్కడ చూసుకోవాలో చెప్పాలి.

నీల్సన్ వాళ్ల పది హ్యూరిస్టిక్స్ అని, సైట్ సులువుగా ఉందో లేదో చూసుకునే సూత్రాల లిస్ట్ ఒకటి ఉంది, 1990లో రోల్ఫ్ మోలిచ్‌తో కలిసి మొదలుపెట్టి 1994లో సరిదిద్దిన లిస్ట్. కావాలంటే అది పక్కన పెట్టుకోండి. పదీ మంచివే, కానీ ఊరి సైట్‌కి నేను నాలుగింటినే గట్టిగా పట్టుకుంటా: ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్తోందా, జనం మాట్లాడే మాటల్లో ఉందా, తప్పు జరగకుండా ముందే ఆపుతోందా, జరిగితే ఏం చేయాలో చెప్తోందా.

స్టెప్ 4: పీడీఎఫ్‌లు, భాష

చిన్న ఆఫీసుల్లో కాగితం మీద సంతకం, స్టాంపు వేసి దాన్ని స్కాన్ చేసి సైట్‌లో పెట్టేయడం అలవాటు. చెక్ చేయడం చాలా ఈజీ: పీడీఎఫ్ తెరిచి ఒక లైను సెలెక్ట్ చేయడానికి ట్రై చేయండి. అక్షరాలు సెలెక్ట్ అవ్వకుండా మొత్తం పేజీ బొమ్మలా పట్టుకుంటే అది ఫోటో అన్నమాట. దాంట్లో వెతకలేరు, ఫోన్‌లో పెద్దది చేస్తే అటూ ఇటూ జరుపుతూ చదవాలి, చూపు లేనివాళ్లకి తెర మీదిది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి చదవడానికి అందులో అక్షరమే ఉండదు. కొంతమంది కంటెంట్ అంతా ఉంది కదండీ అంటారు. ఉంది, బీరువాలో పెట్టి తాళం వేసినట్టు ఉంది.

భాష మార్చే బటన్ ఉంటే హోమ్ పేజీలో కాదు, లోపల ఏదో ఒక పేజీలో ఉండగా నొక్కండి. అదే పేజీ ఇంకో భాషలో రావాలి. మళ్లీ హోమ్‌కి తోసేస్తే రాసుకోండి. మెనూ ఒక్కటే మారి లోపలి విషయం మారకపోతే అదీ రాసుకోండి. మెషీన్ అనువాదం పెట్టేసి ఎవరూ చూడకుండా వదిలేసిన సైట్‌లో హోమ్ అనే చోట "ఇల్లు" అని ఉంటుంది, నవ్వొస్తుంది గానీ అదే మెషీన్ ఫీజు మినహాయింపు నిబంధనలు కూడా అనువదించింది అని గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది. ఆ భాష బాగా వచ్చిన మనిషితో ఒక్క ముఖ్యమైన పేజీ అయినా చదివించండి.

స్టెప్ 5: అందరూ వాడగలరా

స్టెప్ 3లో చెప్పిన ఆ యాక్సెసిబిలిటీ రూల్స్‌ని డబ్ల్యూసీఏజీ అంటారు, 2.2 వెర్షన్ 2023 అక్టోబర్‌లో వచ్చింది. మొత్తం చదివితే తల తిరుగుతుంది. ఒక గంటలో మీరు చేయగలిగేవి చెప్తా.

ల్యాప్‌టాప్‌లో మౌస్ పక్కన పెట్టేసి ట్యాబ్ కీతోనే ఒక పని పూర్తి చేయండి. ఇప్పుడు ఎక్కడున్నామో గీతలాగో గడిలాగో కనిపించాలి, కనిపించకపోతే చీకట్లో నడిచినట్టే. తర్వాత బ్రౌజర్‌లో 200 శాతం జూమ్ చేయండి, ఏదైనా ఒకదాని మీద ఒకటి ఎక్కిందా, ఏదైనా బటన్ మాయమైందా. అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, బాగా పెద్ద అక్షరాలైతే 3కి 1 చాలు, దీన్ని కొలిచే కాంట్రాస్ట్ చెకర్లు ఫ్రీగా దొరుకుతాయి. బూడిద రంగు మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టడం ఈ మధ్య ఫ్యాషన్ అయింది, ఎండలో నిలబడి ఫోన్ చూసేవాడికి అది ఖాళీ పేజీ. వేలితో నొక్కేవి కనీసం 24 పిక్సెల్స్ వెడల్పు, ఎత్తు ఉండాలి, లేదా వాటి మధ్య సరిపడా ఖాళీ ఉండాలి. నా దృష్టిలో అది కూడా చిన్నదే.

ఆ తర్వాత స్క్రీన్ రీడర్. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, విండోస్‌లో అయితే ఎన్‌వీడీఏ ఫ్రీ. ఆన్ చేసే ముందు ఆఫ్ చేయడం ఎలాగో నేర్చుకోండి, నవ్వకండి, ఆన్ అయ్యాక ఒక్కసారి నొక్కితే ఏదీ ఓపెన్ అవ్వదు, రెండుసార్లు నొక్కాలి, ఆ సంగతి తెలియక నేను ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకున్న రోజు ఉంది. "ఇక్కడ క్లిక్ చేయండి, లింక్. ఇక్కడ క్లిక్ చేయండి, లింక్. ఇక్కడ క్లిక్ చేయండి, లింక్" అని వరసగా చదువుతూ ఉంటే ఆ లింకులకి పేర్లెందుకు పెట్టాలో ఎవరూ మీకు చెప్పక్కర్లేదు.

లైట్‌హౌస్, వేవ్ లాంటి, పేజీలో తప్పులు వాటంతటవే వెతికే టూల్స్ కూడా రన్ చేయండి, రెండు నిమిషాల పని. కానీ స్కోర్ చూసి మురిసిపోకండి. మాన్యుయెల్ మటుజోవిచ్ అనే డెవలపర్ 2019లో కావాలనే ఎవరూ వాడలేని పేజీ ఒకటి కట్టి దానికి లైట్‌హౌస్ యాక్సెసిబిలిటీలో 100కి 100 తెచ్చి చూపించాడు. టూల్ తప్పు పట్టిందంటే చాలావరకు అక్కడ నిజంగానే తప్పుంటుంది, పట్టలేదంటే మాత్రం ఏమీ తేలినట్టు కాదు.

స్టెప్ 6: ఐదుగురిని కూర్చోబెట్టి నోరు మూసుకోండి

ఇప్పటిదాకా చేసింది రిహార్సల్. ఐదుగురు సరిపోతారా అని అందరూ అడుగుతారు. నీల్సన్, థామస్ లాండౌర్ అనే ఇంకో పరిశోధకుడు కలిసి 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి సగటున 31 శాతం సమస్యలు బయటపెడతాడు, అలా ఐదుగురికి 85 శాతం దాకా బయటపడతాయి. కాకపోతే ఆ ఐదుగురూ ఒకే రకం మనుషులైతే ఆ లెక్క, ఊళ్లో అన్ని రకాలూ ఉంటారు. అందుకే ఒకేసారి పదిహేను మందిని పెట్టకుండా, ఐదుగురితో చూసి, సరిచేయించి, ఇంకో ఐదుగురితో చూడటం మేలు.

ఎవర్ని పిలవాలి? కంప్యూటర్ ఉద్యోగం చేసే మీ ఫ్రెండ్స్‌ని వద్దు, ఆఫీసు స్టాఫ్ అసలే వద్దు. వయసు మళ్లిన వాళ్లొకరు, ఫోన్ తప్ప ఇంకేం లేనివాళ్లొకరు, ఊరికి కొత్తగా వచ్చిన వాళ్లొకరు, చూపు సరిగా లేని వాళ్లొకరు, సొంత షాపో వ్యాపారమో ఉన్నవాళ్లొకరు. వాళ్ల సొంత ఫోన్ మీదే చేయనివ్వండి, అక్షరాలు పెద్దవి చేసుకుని ఉంటారు, స్క్రీన్ పగిలి ఉంటుంది, అదంతా టెస్టులో భాగమే. స్క్రీన్ రికార్డ్ చేస్తే ముందు అడగండి, నిజమైన బిల్లు నంబర్లు, ఓటీపీలు రికార్డింగ్‌లో పడకుండా చూసుకోండి.

మొదట్లో చెప్పాల్సిన మాట ఇది, ఇదే మాట అందరికీ చెప్పండి: "మేము పరీక్ష పెట్టేది ఈ సైట్‌కి, మీకు కాదు. ఏది దొరక్కపోయినా తప్పు సైట్‌దే. చేస్తూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ ఉండండి." తర్వాత పని రాసిన చీటీ ఇచ్చేసి వెనక్కి జరగండి.

ఇక్కడినుంచి కష్టం మీది. ఒక పెద్దాయనకి నేను ఇచ్చిన పని, మూడు రోజులుగా చెత్త తీసుకెళ్లలేదు, ఆఫీసుకి తెలియజేయండి అని. ఆయన హోమ్ పేజీ మీద వేలు అలా గాల్లో పెట్టి ఉంచారు. అక్కడ మూడు బటన్లున్నాయి: ఈ-సేవలు, ఆన్‌లైన్ సర్వీసెస్, సిటిజన్ కార్నర్. "మూడూ ఒకటేగా బాబూ?" అన్నారు. నాకు జవాబు తెలుసు, చెప్పేస్తే రెండు సెకన్ల పని, నాలిక చివరిదాకా వచ్చింది. "మీకేమనిపిస్తోందండీ?" అని మాత్రం అన్నా. ఆయన మధ్యది నొక్కారు, టెండర్ల లిస్ట్ వచ్చింది. వెనక్కొచ్చి మూడోది నొక్కారు, పార్కు ఫోటోలు. ఇంక బటన్ల జోలికి పోకుండా పేజీ చివరిదాకా జరుపుకుంటూ వెళ్లి ఫోన్ నంబర్ పట్టుకున్నారు, దాని మీద నొక్కారు, ఏం కాలేదు, ఎందుకంటే అది నంబర్ కాదు, నంబర్ ఉన్న బొమ్మ. మళ్లీ నొక్కారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, "ఏదీ, ఒక కాగితం ముక్క ఇవ్వు" అని దాని మీద నంబర్ రాసుకుని, ఒక్కో అంకే చూస్తూ డయల్ చేశారు. నా పది పేజీల రిపోర్ట్‌లో ఆఫీసు వాళ్లు చివరిదాకా గుర్తుపెట్టుకున్నది ఆ కాగితం ముక్కే.

వాళ్లు ఆగిపోతే మనసులో ఇరవై లెక్కపెట్టండి. "ఇప్పుడు ఏం చూస్తున్నారు?" "అది నొక్కితే ఏం వస్తుందనుకున్నారు?" ఈ రెండు ప్రశ్నలే వాడండి. వాళ్లు మిమ్మల్ని అడిగితే "ఇంట్లో ఒక్కరే ఉంటే ఏం చేసేవాళ్లు?" అని తిప్పి అడగండి. మరీ ఇబ్బంది పడుతుంటే ఆ పని ఆపేసి తర్వాతదానికి వెళ్లండి, ఎవరినీ ఏడిపించడానికి కాదు కదా మనం కూర్చుంది.

నోట్‌బుక్‌లో ప్రతి పనికీ నాలుగింటిలో ఒకటి టిక్ పెట్టండి: అయింది, కష్టపడి అయింది, అవ్వలేదు, అయిందనుకున్నారు కానీ అవ్వలేదు. స్టెప్ 1లో కరెక్ట్ జవాబు రాసి పెట్టుకోమంది ఈ నాలుగోదాని కోసమే. పోయినేడాది పన్ను చూసి ఇదే ఈ ఏడాదిది అనుకుని సంతోషంగా ఫోన్ పక్కన పెట్టేసినవాడి గురించి ఎవరికీ ఎప్పటికీ తెలియదు, ఫైన్ పడ్డాక ఆయనకి తప్ప. టైం కూడా రాసుకోండి, మొదట ఎక్కడ నొక్కారో అది మరీ ముఖ్యం. బాబ్ బెయిలీ, కారీ వుల్ఫ్‌సన్ చేసిన స్టడీలో మొదటి క్లిక్ సరిగ్గా పడినవాళ్లలో 87 శాతం మంది పని పూర్తి చేశారు, తప్పు పడినవాళ్లలో 46 శాతమే. అంటే హోమ్ పేజీ మీద మాటలు సరిచేస్తేనే చాలా కథ మారిపోతుంది.

ప్రతి పని అయ్యాక ఒకటి నుంచి ఏడు దాకా ఎంత ఈజీగా ఉందో చెప్పమనండి. తమాషా ఏంటంటే పదకొండు నిమిషాలు తిప్పలు పడి పని అవ్వనివాళ్లు కూడా "ఆరు వేసుకోండి, బానే ఉంది, నాకే తెలియలేదు" అంటారు. మొహమాటం. అందుకే నోరు చెప్పిందీ కళ్లు చూసిందీ వేరైతే కళ్లనే నమ్మండి, కానీ "నాకే తెలియలేదు" అన్న మాటని మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి.

చివర్లో ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే పది ప్రశ్నల ఫారం ఇవ్వొచ్చు, వాడటానికి ఎంత సులువో కొలిచేది, జాన్ బ్రూక్ 1986లో తయారుచేసింది. ఒక్కో ప్రశ్నకీ 1 నుంచి 5 దాకా మార్కు వేయిస్తారు. బేసి ప్రశ్నలకి వచ్చిన మార్కులోంచి 1 తీసేయండి, సరి ప్రశ్నలకి 5లోంచి మార్కు తీసేయండి, అన్నీ కూడి 2.5తో గుణిస్తే 100కి స్కోర్ వస్తుంది. అది శాతం కాదు, సగటు సైట్లకి 68 దగ్గర్లో వస్తుంది. ఐదుగురితో వచ్చిన నంబర్‌ని పోస్టర్ వేయకండి, ముందు ఎంత, సరిచేశాక ఎంత అని పోల్చుకోడానికి ఉంచుకోండి.

స్టెప్ 7: దొరికినవాటిని వరసలో పెట్టడం

ఇప్పుడు మీ దగ్గర నలభై యాభై తప్పులుంటాయి. అన్నీ ఒకేసారి మోస్తే ఎవరూ తీసుకోరు. తప్పు ఎంత తీవ్రమో చెప్పే నీల్సన్ స్కేల్ 0 నుంచి 4: 0 అంటే సమస్యే కాదు, 4 అంటే వెంటనే సరిచేయాల్సింది. నేను అడిగేది మూడు ప్రశ్నలు, ఎంతమందికి తగిలింది, తగిలినప్పుడు పని ఆగిందా, ఒకసారి తెలిశాక తప్పించుకోవచ్చా లేక ప్రతిసారీ తగులుతుందా. ఇక్కడ మూడో ప్రశ్నకి ఒక మెలిక ఉంది, ఏడాదికి ఒకసారి వచ్చేవాడు పోయినసారి నేర్చుకున్నది మర్చిపోయే ఉంటాడు, కాబట్టి "అలవాటైతే తెలుస్తుంది" అనే వాదన ఈ సైట్లకి చెల్లదు.

రాసే తీరు కూడా చూడండి. "యూఐ (సైట్ కనిపించే తీరు) బాలేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "హోమ్ పేజీ కింద ఉన్న ఫోన్ నంబర్ బొమ్మగా ఉంది, నొక్కితే కాల్ వెళ్లట్లేదు, ఐదుగురిలో ముగ్గురు నొక్కి ఆగిపోయారు, నంబర్‌ని అక్షరాల్లో టైప్ చేసి కాల్ లింక్ ఇవ్వాలి, తీవ్రత 3" అని రాస్తే రేపు పొద్దున్నే సరిచేయొచ్చు. పక్కన స్క్రీన్‌షాట్.

స్టెప్ 8: ఆఫీసుకి ఇవ్వడం

చిన్న ఊళ్లో ఆ సైట్ చూసుకునేది చాలాసార్లు ఒక్క మనిషి, అదీ వేరే నాలుగు పనుల మధ్యలో. కొత్త పేజీ పెట్టాలంటే బయట వెండర్‌కి మెయిల్ పెట్టి ఎదురుచూడాలి. వెళ్లి అందరి ముందూ తప్పుల చిట్టా చదివితే ఆయన మొహం మాడిపోతుంది, మీ రిపోర్ట్ సొరుగులోకి పోతుంది. ముందు ఆయనకి ఒక్కడికే చూపించండి. చాలా తప్పులు ఆయనకి ముందే తెలుసు, పైవాళ్లకి చెప్పినా ఎవరూ వినలేదు, మీ రిపోర్ట్ ఆయన చేతికి ఆయుధం అవుతుంది.

మూడు కాగితాలుగా విడదీయండి. మొదటిది టైపింగ్‌తో అయిపోయేవి: మెనూ పేర్లు, ఫోన్ నంబర్లు, టైమింగ్స్, పాత నోటీసులు తీసేయడం, పేజీ మీద తేదీ వేయడం, ఫైల్ సైజు ఎంతో ఫారం మొదట్లోనే రాయడం. రెండోది వెండర్ చేయాల్సినవి: ఎర్రర్ మెసేజ్‌లు, టైమౌట్, ఫోన్‌లో సరిగా కనపడటం. మూడోది అసలు సైట్ తప్పే కాదు, ఆఫీసు పద్ధతి: ఒకే సర్టిఫికెట్ మూడు చోట్ల అడగడం, ఆన్‌లైన్‌లో నింపినా మళ్లీ ప్రింట్ తెచ్చి ఇమ్మనడం. దీన్ని ఏ డిజైనరూ సరిచేయలేడు, కాబట్టి అది మీటింగ్‌లో పెట్టాల్సిన కాగితం. మొదటి కాగితంలో ఐదు అంశాలకి మించి పెట్టకండి.

కుదిరితే ఐదుగురిలో ఒకరి రికార్డింగ్, వాళ్లు ఒప్పుకుంటేనే, ఒక్క నిమిషం ముక్క పైవాళ్లకి చూపించండి. నలభై పేజీల రిపోర్ట్ చదవని పెద్ద ఆఫీసరు కూడా ఒక ఆవిడ మూడు బటన్ల మధ్య అటూ ఇటూ తిరగడం చూసి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

సరిచేశాక మళ్లీ టెస్ట్ చేసేటప్పుడు అవే పనులు, అవే మాటలు, అవే చీటీలు వాడండి, మనుషుల్ని మాత్రం మార్చండి, పాతవాళ్లకి దారి తెలిసిపోయి ఉంటుంది. పన్ను గడువు దగ్గర పడే నెలకి కనీసం రెండు నెలల ముందు పెట్టుకోండి. గడువు వారంలో సైట్ మీద చేయి వేయడానికి ఎవరూ ఒప్పుకోరు, అప్పుడు కౌంటర్ దగ్గర లైను గేటు దాకా ఉంటుంది.